స్కైడైవింగ్ వీడియో మిక్సింగ్: సాఫ్ట్‌వేర్ ఎంపిక నుంచి పెన్‌డ్రైవ్ దాకా

కావలిలో మిక్సింగ్ యూనిట్ (వీడియోలు ఎడిట్ చేసే చోటు) నడిపేవాడి దగ్గరికి వచ్చేవి పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఎన్నికలొస్తే ప్రచారం క్లిప్పులు. ఆషాఢంలోనూ మూఢంలోనూ యూనిట్ ఖాళీగా ఉన్నప్పుడు ఈ మధ్య ఇంకోరకం పని తగులుతోంది. దుబాయ్‌లోనో మెల్‌బోర్న్‌లోనో డల్లాస్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న మన పిల్లలు ప్యారాచూట్‌తో విమానంలోంచి దూకి, అంటే స్కైడైవింగ్ చేసి, ఆ వీడియో లింకు పంపుతారు. "జంప్ చేయించిన కంపెనీ వాళ్లిచ్చింది బాలేదన్నా, అందరికీ ఒకటే టెంప్లేట్. నువ్వు మళ్లీ మంచిగా చేసి పంపు" అంటారు.

పెళ్లి వీడియోలకి అలవాటుపడిన చెయ్యి వీటిని చాలా తేలిగ్గా పాడుచేస్తుంది. తలంబ్రాలు స్లో చేస్తాం, మంగళసూత్రం స్లో చేస్తాం, అప్పగింతల ఏడుపు కూడా స్లో చేస్తాం. స్లోమోషన్ లేకపోతే పార్టీ బాకీ డబ్బు ఇవ్వదు. స్కైడైవింగ్‌లో ఉన్నదంతా వేగమే. మనిషి గంటకి 190, 200 కిలోమీటర్ల వేగంతో కిందికి వస్తున్నాడు. దాన్ని సాగదీస్తే చెరువులో వెల్లకిలా తేలుతున్నట్టు ఉంటుంది. కాబట్టి ఫ్రీఫాల్‌ని, అంటే ప్యారాచూట్ తెరిచేదాకా కిందికి పడేదాన్ని, దాని వేగంలోనే నడవనివ్వండి. ఈ పనిలో నేను ఎవరు అడిగినా వదలని సంగతి ఇదొక్కటే. సాఫ్ట్‌వేర్ ఏదైనా పర్వాలేదు.

ముందు జంప్ అర్థం కావాలి

పెళ్లి తంతు తెలియనివాడు పెళ్లి మిక్సింగ్ చేయలేడు. ఇదీ అంతే. మన దగ్గరికి వచ్చేవన్నీ దాదాపు టాండెమ్ జంపులే, అంటే ఇన్‌స్ట్రక్టర్ ఛాతీకి మనవాడిని బెల్టులతో కట్టి ఇద్దరూ కలిసి దూకడం. విమానం పది నుంచి పదమూడు వేల అడుగుల పైకి ఎక్కుతుంది. దుబాయ్ పామ్ దగ్గరయితే 13,000 అడుగులు. తలుపు తెరుస్తారు, అంచున కూర్చుంటారు, దూకుతారు. పూర్తి వేగం అందుకోవడానికి పది పన్నెండు సెకన్లు పడుతుంది. మొత్తం ఫ్రీఫాల్ నిమిషం లోపే. 5,000 అడుగుల దగ్గర ప్యారాచూట్ తెరుస్తారు. ఆ తర్వాత అయిదు నిమిషాలో, కాస్త ఎక్కువో గాల్లో తిరుగుతూ దిగుతారు.

ఎడిటర్‌కి ఇందులో పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. దూకిన కాసేపటికి ఇద్దరి వెనక చిన్న గొడుగులాంటిది ఒకటి లాగుతూ కనిపిస్తుంది. అది డ్రోగ్. ఇద్దరి బరువుకి వేగం మరీ పెరిగిపోకుండా పట్టి ఉంచడానికి వేస్తారు. తెలియనివాళ్లకి అది అసలు ప్యారాచూట్ సరిగా తెరుచుకోనట్టు కనిపిస్తుంది. మా వీధిలో ఒక అవ్వ మనవడి వీడియో చూస్తూ "ఆ గొడుగు సగమే విచ్చుకుందేందిరా" అని గుండె పట్టుకుంది. ఇంట్లో పెద్దవాళ్లు చూసే వీడియో అయితే ఆ షాట్ మీద "వేగం తగ్గించే చిన్న ప్యారాచూట్" అని ఒక లైను వేయండి.

ఇంకొకటి. పక్కన వేరే కెమెరామ్యాన్ హెల్మెట్‌కి కెమెరా పెట్టుకుని దూకి తీసిన వీడియో ఉంటే, ప్యారాచూట్ తెరుచుకున్న క్షణంలో మనవాళ్లిద్దరూ ఒక్కసారిగా పైకి ఎగిరిపోయినట్టు కనిపిస్తుంది. వాళ్లు పైకి పోలేదు. వాళ్ల వేగం తగ్గింది, కెమెరామ్యాన్ మాత్రం అదే వేగంతో పడుతూనే ఉన్నాడు. చాలామంది ఎడిటర్లు ఇక్కడ కెమెరా జారిపోయిందనుకుని ముందే కట్ చేస్తారు. వద్దు, అదే మంచి షాట్. వాళ్లు ఫ్రేమ్ దాటి చుక్కంత అయ్యేదాకా ఉంచండి.

సాధారణంగా వచ్చే రెండో రకం, ఇన్‌స్ట్రక్టర్ ఎడమ మణికట్టుకి గోప్రో అనే చిన్న కెమెరా కట్టుకుని తీసేది. ఇందులో మొహం దగ్గరగా ఉంటుంది, బుగ్గలు గాలికి అలల్లా కదులుతుంటాయి, పళ్లు ఆరిపోతుంటాయి. టాండెమ్‌లో దూకే మనిషిని సొంత ఫోను, కెమెరా తీసుకెళ్లనివ్వరు. సొంతంగా దూకేవాళ్లకి కూడా కనీసం 200 జంపులు అయ్యాకే కెమెరా పెట్టుకోమని అమెరికాలోని స్కైడైవింగ్ సంఘం యూఎస్‌పీఏ సలహా. అందుకని మనకి వచ్చేది వాళ్లు తీసిన ఫుటేజీ మాత్రమే. "ఈ షాట్ సరిగా రాలేదు, మండపం దగ్గర మళ్లీ నిలబడండి" అనే వెసులుబాటు ఇక్కడ లేదు.

మన వైపు జంప్ చేసే చోటు లేదు. దేశంలో అయితే హర్యానా నార్నౌల్ దాకా పోవాలి. మనకి దగ్గర్లో హైవే మీదే విమానాలు దిగే స్ట్రిప్ అయితే ఉంది, కొరిశపాడు దగ్గర. 2022 డిసెంబరులో వైమానిక దళం అక్కడ ట్రయల్ రన్ చేస్తే జనం చేలల్లో నిలబడి ఫోన్లతో తీశారు. ఆ క్లిప్పులు కూడా నా దగ్గరికి వచ్చాయి, అది వేరే కథ.

ఫైళ్లు తెప్పించుకోవడం

వాట్సాప్‌లో వీడియోగా పంపిన ఫైల్ ముట్టుకోవద్దు. అది నలిగిపోయి వస్తుంది. ఆకాశం మీద గళ్లు గళ్లుగా కనిపిస్తుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు. గూగుల్ డ్రైవ్ లింకు అడగండి, లేదా వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమనండి. అలా అయితే 2 జీబీ దాకా ఒరిజినల్ సైజులోనే వస్తుంది. కంపెనీ వాళ్లు ఎడిట్ చేసి ఇచ్చిన వీడియో ఒక్కటే ఉంటే, రా ఫైళ్లు, అంటే కెమెరాలో పడ్డవి పడ్డట్టు, అడగమని చెప్పండి. ఇంకా దూకనివాళ్లు అయితే బుకింగ్ అప్పుడే అడిగి పెట్టుకోవడం మంచిది. తర్వాత అడిగితే కార్డు చెరిపేసి ఉంటారు.

గోప్రో ఫైళ్ల పేర్లు ఒక చిక్కు. పొడుగు రికార్డింగ్‌ని కెమెరా ముక్కలుగా సేవ్ చేస్తుంది. మొదటి ముక్క జీఎక్స్010034, రెండోది జీఎక్స్020034. అక్షరాల తర్వాత వచ్చే మొదటి రెండు అంకెలు ముక్క నంబరు, చివరి నాలుగు అసలు వీడియో నంబరు. ఫోల్డర్‌ని పేరు ప్రకారం సర్దితే జీఎక్స్010034 తర్వాత జీఎక్స్010035 వచ్చి కూర్చుంటుంది, 34 రెండో ముక్క ఎక్కడో కిందకి పోతుంది. విమానం ఎక్కుతున్న వీడియో మధ్యలో ల్యాండింగ్ వచ్చిందని కస్టమర్‌కి ఫోన్ చేసేముందు చివరి నాలుగు అంకెలు చూసుకోండి. పేరు జీహెచ్‌తో మొదలైతే హెచ్.264, జీఎక్స్‌తో మొదలైతే హెచ్‌ఈవీసీ, రెండూ వీడియోని కుదించే పద్ధతులు. రెండోది సైజు తక్కువ, సిస్టమ్ మీద బరువు ఎక్కువ.

కార్డు మొత్తం కాపీ చేసి పంపితే ఎల్‌ఆర్‌వీ అనే ఫైళ్లు కూడా ఉంటాయి. చెత్త అని తీసేయకండి. అవి అదే వీడియోకి చిన్న సైజు నకళ్లు. పేరు చివర ఎంపీ4 అని మారిస్తే పాత ల్యాప్‌టాప్‌లో కూడా గడగడా ప్లే అవుతాయి. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది నేను వాటిలోనే చూసి కాగితం మీద టైము రాసుకుంటాను.

కింద నిలబడి భార్యో ఫ్రెండో ఫోన్‌లో తీసిన ల్యాండింగ్ క్లిప్పులు కూడా వస్తాయి. ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి వచ్చే బొమ్మల లెక్క, నిలకడగా ఉండదు. టైమ్‌లైన్ (సాఫ్ట్‌వేర్‌లో క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ) మీద వేస్తే మాట, పెదవి మెల్లగా విడిపోతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని ఒకసారి మార్చి తెచ్చుకుంటే ఆ గొడవ ఉండదు.

ఏ సాఫ్ట్‌వేర్

నన్ను అందరూ ముందు ఇదే అడుగుతారు. మీ సిస్టమ్ ఏది, వచ్చిన ఫైల్ ఏది అని నేను తిరిగి అడుగుతాను.

మన జిల్లాల్లో యూనిట్లన్నీ ఎడియస్ మీదే పెరిగాయి. నాలుగు రకాల కెమెరాల ఫైళ్లు ఒకే టైమ్‌లైన్ మీద వేసినా రెండర్ కోసం ఎదురుచూడకుండా ప్లే అవుతుంది, కరెంటు పోయి వచ్చినా ప్రాజెక్టు పదిలంగా ఉంటుంది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా నాకు తెలిసిన యూనిట్లలో ఎక్కువమంది ఇంకా అందులోనే పెళ్లిళ్లు చేస్తున్నారు, నేనూ అంతే. చేతికి అలవాటైన సాఫ్ట్‌వేర్‌లో స్కైడైవింగ్ కూడా కట్ చేయొచ్చు, తప్పేం లేదు. కానీ ఈ వీడియోల్లో సగం పని రంగుల మీద ఉంటుంది. తలుపు దగ్గర తెల్లగా కొట్టుకుపోయిన ఆకాశం, దాని ముందు నల్లబడిన మొహం. దానికి డావిన్సీ రిజాల్వ్ పనితనమే వేరు.

డావిన్సీ ఉచిత వెర్షన్ చాలు. వాటర్‌మార్క్ లేదు, 4కే 60 ఫ్రేమ్‌ల దాకా ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. 295 డాలర్లు పెట్టి స్టూడియో వెర్షన్ కొంటే నాయిస్ (బొమ్మ మీద గింజలు గింజలుగా కనిపించేది) తగ్గించడం లాంటివి అదనంగా వస్తాయి, ఒకసారి కడితే చాలు. ఏడాదికి ఒకటి రెండు జంపులు వచ్చే యూనిట్‌కి అది అనవసరం. ఉచిత వెర్షన్‌లో చిక్కల్లా కొన్ని కొత్త గోప్రోల 10-బిట్ ఫైళ్లతో (రంగుల వివరం ఎక్కువ ఉండేవి) వస్తుంది. కొన్ని తెరుచుకోవు, కొన్ని మాట మాత్రమే వినిపించి బొమ్మ చూపించవు. షటర్ ఎన్‌కోడర్ అని ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ అనే ఎడిటింగ్ ఫార్మాట్‌కి మార్చుకుంటే సైజు బాగా పెరుగుతుంది కానీ వెన్నలా నడుస్తుంది.

డావిన్సీకి 16 జీబీ ర్యామ్, ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు కావాలి. 8 జీబీ ఆఫీసు ల్యాప్‌టాప్ మీద వేస్తే ఫ్యాను మోతే మిగులుతుంది. అలాంటి సిస్టమ్ ఉన్నవాళ్లు షాట్‌కట్ వాడండి. అదీ ఉచితమే, తేలిక. ప్రీమియర్ ప్రో మంచిదే కానీ నెలనెలా కట్టాలి. సీజన్‌లో తప్ప పని ఉండని మనలాంటివాళ్లకి ఆ అద్దె బరువు. అందుకని క్రాక్ వెర్షన్ వేసుకుంటారు కొందరు. దానితోపాటు వచ్చే వైరస్ కస్టమర్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కిందంటే ఆ ఊళ్లో మళ్లీ తల ఎత్తుకోలేం.

ఫోన్‌లోనే చేసుకుంటామనేవాళ్లకి వీఎన్ చాలు. కైన్‌మాస్టర్ ఉచితంగా వాడితే మూల మీద దాని పేరు పడుతుంది. 360 కెమెరాతో తీసినదైతే ముందు ఆ కెమెరా కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే, ఇన్‌స్టా360 అయితే ఇన్‌స్టా360 స్టూడియోలో, ఎటు చూడాలో ఎంచుకుని మామూలు వీడియోగా తీసుకుని తర్వాత ఎడిటింగ్‌కి రావాలి.

టైమ్‌లైన్ తెరిచేముందు

మన పెళ్లి ప్రాజెక్టులన్నీ 25 ఫ్రేమ్‌లు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్లు మిణుకుమనకుండా అలా తీస్తాం. దూకేచోట గోప్రో ఎక్కువగా 29.97 లేదా 59.94లో ఉంటుంది. పాత అలవాటుకొద్దీ 25 టైమ్‌లైన్‌లో వేస్తే నడక కుంటుతుంది, ఆకాశం పక్కకి జరిగేటప్పుడు గట్లు గట్లుగా కనిపిస్తుంది. 29.97 టైమ్‌లైన్ తెరవండి. 59.94 ఫుటేజీని సగం వేగానికి తగ్గిస్తే అందులో ప్రతి ఫ్రేమూ కచ్చితంగా సరిపోతుంది, సాఫ్ట్‌వేర్ కొత్త ఫ్రేమ్‌లు ఊహించి పెట్టక్కర్లేదు.

డావిన్సీలో మొదటి క్లిప్ వేయగానే ఫ్రేమ్ రేటు మార్చమంటారా అని అడుగుతుంది. ఆ మొదటి క్లిప్ ఫోన్‌ది అయితే మొత్తం ప్రాజెక్టు దాని ప్రకారం పోతుంది, టైమ్‌లైన్ మీద క్లిప్పులు పడ్డాక ఇక మార్చనివ్వదు. అందుకని ఖాళీ ప్రాజెక్టులోనే సెట్టింగ్స్‌కి వెళ్లి 29.97 పెట్టి, ఆ తర్వాతే ఫైళ్లు లాగండి. 4కే ఫైళ్లు నత్తనడక నడిస్తే ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం చిన్న సైజు నకళ్లు, చేసుకోండి. టీ తాగి వచ్చేలోపు అయిపోతాయి.

కట్టింగ్

మొత్తం మూడు నిమిషాల నుంచి నాలుగు నిమిషాలు. అంతకు మించితే దూకినవాడు తప్ప ఎవరూ చూడరు.

నేను పంచుకునే తీరు ఇది. బెల్టులు కట్టుకోవడం, ఇన్‌స్ట్రక్టర్ "ఎలా ఉంది?" అని అడగడం, విమానంలో ప్రయాణం, అన్నీ కలిపి నిమిషం లోపు. విమానం పైకి ఎక్కడానికి పావుగంట పడుతుంది. దాన్ని చూపించడానికి మణికట్టు మీద ఉండే ఆల్టిమీటర్ (ఎత్తు చూపించే మీటరు) షాట్లు వెతకండి. 4,000 దగ్గర ముల్లు, తర్వాత కిటికీలోంచి కింద పొలాలు, తర్వాత 9,000 దగ్గర ముల్లు, తర్వాత మనవాడు మింగిన గుటక. నాలుగు షాట్లతో పావుగంట గడిచిపోతుంది, కింద అక్షరాలు అక్కర్లేదు.

తలుపు తెరుచుకున్నప్పటి నుంచి ప్యారాచూట్ తెరుచుకునేదాకా మాత్రం చెయ్యి బిగపట్టండి. ఒకే కెమెరా ఉంటే కత్తిరించకుండా మొత్తం ఉంచండి. నిమిషమే కదా. రెండు కెమెరాలు ఉంటే వాటి మధ్య మారండి, కానీ టైము ముందుకి దూకకూడదు, వెనక్కి రాకూడదు. రెండు కెమెరాలనూ కలపడానికి విమానం అంచు వదిలిన క్షణం మంచి గుర్తు. ఆ ఒక్క ఫ్రేమ్ దగ్గర రెండు క్లిప్పులకీ మార్కర్ పెట్టి కలిపితే చివరిదాకా సరిగ్గా నడుస్తాయి. దూకిన మొదటి పది సెకన్లు మొహం మీద ఉండండి. నోరు తెరుచుకుని, కళ్లు పెద్దవై, అరుపు బయటికి రాకుండా ఆగి, తర్వాత మెల్లగా నవ్వుగా మారుతుంది. వేగం ఒక స్థాయికి వచ్చాక కడుపులో ఆ జారుడు పోతుంది, అది మొహంలో తెలిసిపోతుంది. ఆ మార్పు మధ్యలో కట్ పెట్టారంటే వీడియో మొత్తం పోయినట్టే. బయట కెమెరాకి మారాలంటే నవ్వు వచ్చాక మారండి.

ప్యారాచూట్ కింద అయిదారు నిమిషాలు ఉంటుంది కాబట్టి అక్కడ నిర్దాక్షిణ్యంగా కోయండి. తాళ్లు పట్టుకుని తిప్పిన ఒక మలుపు, కింద సముద్రమో ఎడారో, ఇన్‌స్ట్రక్టర్‌తో చేతులు కలపడం, ల్యాండింగ్. కాళ్లు పైకెత్తి కూర్చున్నట్టు నేల మీదికి జారే షాట్ తప్పనిసరి.

స్లోమోషన్ ఎక్కడ

రెండుచోట్ల పెట్టుకోవచ్చు. అంచు మీద ముందుకు ఊగి వదిలేసిన ఆ ఒక్క సెకను, ప్యారాచూట్ లాగిన కుదుపు. రెండూ సగం వేగానికి మించి తగ్గించొద్దు. డావిన్సీలో కంట్రోల్, ఆర్ నొక్కితే రీటైమ్ పట్టీ వస్తుంది. వేగం మారేచోట రెండు పాయింట్లు పెట్టి, కర్వ్‌లో మెలిక నునుపు చేస్తే మార్పు ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. 30 ఫ్రేమ్‌ల ఫుటేజీని ఆప్టికల్ ఫ్లోతో (మధ్య ఫ్రేమ్‌లు సాఫ్ట్‌వేరే ఊహించి పెట్టడం) సాగదీయాలని చూస్తే కళ్లజోడు అంచుల దగ్గర, వేళ్ల మధ్య బొమ్మ కరిగిపోయి కనిపిస్తుంది. 60లో తీసినదైతేనే స్లో చేయండి, లేకపోతే మానేయండి.

హార్ట్ ట్రాన్సిషన్లు, పూలు రాలే ఎఫెక్టులు, పేజీ తిరగేసినట్టు బొమ్మ మడతపడటం, ఇవన్నీ పెళ్లి ఫోల్డర్‌లోనే ఉండనివ్వండి.

కుదుపులు, వంకర గీతలు

మణికట్టు కెమెరా క్లిప్‌ని సాఫ్ట్‌వేర్‌తో స్టెబిలైజ్ చేయాలని, అంటే కుదుపు తీయాలని, చూస్తే మొహం జెల్లీలా అటూ ఇటూ సాగుతుంది. ముందున్న మొహం ఒకలా, వెనకున్న నేల ఇంకోలా కదులుతుంటే దేన్ని పట్టుకోవాలో సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. అలాంటి క్లిప్‌ని అలాగే వదిలేయండి, కావాలంటే కాస్త జూమ్ చేయండి. ఫ్రీఫాల్‌లో కొంచెం వణుకు ఉంటేనే బాగుంటుంది. ప్యారాచూట్ కింద తీసినవి స్టెబిలైజ్ చేసుకోవచ్చు.

హెల్మెట్ కెమెరా ఫుటేజీకి గైరోఫ్లో వాడి చూడండి. ఇది ఉచితం. గోప్రో తన కదలికల లెక్కని వీడియో ఫైల్‌లోనే రాసిపెడుతుంది. ఈ సాఫ్ట్‌వేర్ బొమ్మని చూసి ఊహించకుండా ఆ లెక్కని చదివి సరిచేస్తుంది. ఒక షరతు ఉంది. కెమెరాలోనే హైపర్‌స్మూత్ అనే కుదుపు తగ్గించే సెట్టింగ్ ఆన్ చేసి తీసిన క్లిప్‌కి ఇది సరిగా కుదరదు. సొంతంగా దూకే స్థాయికి వచ్చిన కుర్రాళ్లు ఎవరైనా అడిగితే హైపర్‌స్మూత్ ఆపి, వైడ్ లెన్స్‌లో తీయమని చెబుతాను.

దూరాన నేల అంచు విల్లులా వంగి కనిపిస్తే భూమి గుండ్రంగా ఉండటం వల్ల అనుకుని మురిసిపోతారు కస్టమర్లు. అది లెన్స్ వంపు. 13,000 అడుగుల నుంచి భూమి వంపు అలా కనిపించదు. సరిచేయొచ్చు కానీ అంచులు కోసుకుపోతాయి, చాచిన చేతులు ఫ్రేమ్ బయటికి పోతాయి. నేనయితే అలాగే ఉంచుతాను, వాళ్ల మురిపెం వాళ్లది. విమానం ఫ్యాన్ రెక్కలు కొడవళ్లలా వంగి కనిపించేది మాత్రం కెమెరా సెన్సర్ బొమ్మని గీత గీతగా చదవడం వల్ల. దాన్ని బాగుచేయాలని కూర్చోవద్దు.

రంగులు

విమానం లోపల చీకటి, బయట మండే వెలుతురు. తలుపు దాటగానే కెమెరా సర్దుకునేలోపు ఒక అరసెకను తెల్లగా కొట్టేస్తుంది. ఆ చోట క్లిప్‌ని కోసి, బయటి భాగానికి వెలుతురు తగ్గించి, కీఫ్రేమ్‌లతో (ఎక్కడ ఎంత వెలుతురని పెట్టే గుర్తులు) మెల్లగా మామూలుకి తేవాలి. పూర్తిగా తెల్లబడిన చోట వివరం తిరిగి రాదు. అక్కడ ఆశపడొద్దు.

తర్వాత మొహం. నీలం ఆకాశం ముందు మన రంగు మనుషులు గోప్రో ఆటో సెట్టింగ్‌లో బూడిదరంగుకి తిరుగుతారు, పెదాలు నీలంగా కనిపిస్తాయి. మొహం చుట్టూ పవర్ విండో (ఆ భాగం వరకే రంగు మార్చే చట్రం) గీసి, అది మొహంతోపాటు కదిలేలా ట్రాక్ చేసి, దాని లోపల మాత్రం మధ్య వెలుతురు ఎత్తి, నీలం కొంచెం తీసి ఎరుపు, పసుపు చిటికెడు కలపండి. రంగులు కొలిచే వెక్టార్‌స్కోప్‌లో చర్మం గీత ఉంటుంది, దాని మీదికి వస్తే చాలు. తెలుపు చెయ్యడం వేరు, ఉన్న రంగు తెప్పించడం వేరు. పెళ్లికూతుళ్ల మొహాలకి చేసే పని ఇక్కడ చేస్తే కళ్లజోడు కింద ఒక రంగు, మెడ దగ్గర ఒక రంగు వస్తుంది. రెడీమేడ్ లట్‌లు (రంగుల టెంప్లేట్లు) కూడా వద్దు, మొహం నారింజ, ఆకాశం ఆకుపచ్చ అవుతాయి.

సౌండ్

ఫ్రీఫాల్ మోతలోంచి మాట వెలికితీస్తామని ఆడాసిటీ అనే సౌండ్ సాఫ్ట్‌వేర్ పట్టుకుని కూర్చునేవాళ్లని చూశాను. ఆ గాలి అన్ని స్థాయుల్లోనూ ఉంటుంది, గొంతు దాని కింద మునిగిపోతుంది. తీయడానికి లేదు. అలాగని పూర్తిగా మ్యూట్ చేస్తే బొమ్మ ప్రాణం పోతుంది. 100 హెర్ట్జ్ కింద కోసేసి, మిగతా మోతని పాట కింద మెల్లగా ఉంచండి, పాట కంటే ఒక 15, 20 డెసిబెల్స్ తక్కువలో.

తలుపు దగ్గర మాత్రం గాలి మోత గట్టిగానే ఉండాలి. చాలామంది అక్కడ "అమ్మా" అంటారు. ఏళ్ల తరబడి ఇంగ్లిష్‌లో మాట్లాడే ఉద్యోగం చేసినవాళ్లు కూడా. ఆ పిలుపు మీద పాట పడకూడదు. పాటని అంతకు రెండు సెకన్ల ముందే దించి, అది వినిపించాక ఎత్తండి. ప్యారాచూట్ తెరుచుకోగానే మోత ఒక్కసారిగా తెగిపోతుంది, గుడ్డ రెపరెపలు, ఊపిరి, ఇన్‌స్ట్రక్టర్ గొంతు స్పష్టంగా వినిపిస్తాయి. అక్కడ పాట పూర్తిగా ఆపండి. నాలుగయిదు సెకన్లు అలా ఉంచి, ఇంకో రకం పాటతో మళ్లీ మొదలుపెట్టండి. అక్కడే పాటని బీట్ మీద కొట్టించమని కుర్రాళ్లు పట్టుబడతారు. ఆపి ఒకసారి, కొట్టించి ఒకసారి, రెండూ చూపిస్తాను. దాదాపు అందరూ ఆపిందే తీసుకుంటారు.

సినిమా పాట కావాలంటే ఇంట్లో చూసుకునే కాపీకి వేయండి. యూట్యూబ్‌లో పెట్టే కాపీకి వేరే సంగీతం వేయాలి. పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టుకుంటే ప్రకటనల డబ్బు పాట హక్కుదారుడికి పోతుంది, కొన్నిసార్లు వీడియోనే ఆపేస్తారు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత ట్యూన్‌లు ఉన్నాయి.

పేర్లు

తెలుగులో టైటిల్ వేయమంటారు. 'అను' అనే పాత తెలుగు ఫాంట్లకి అలవాటైన చెయ్యి డావిన్సీలో తడబడుతుంది, ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. ఫోటోషాప్‌లో రామభద్ర ఫాంటో మండలి ఫాంటో పెట్టి అక్షరాలు రాసి, వెనక ఖాళీగా ఉండే పీఎన్‌జీగా తెచ్చి టైమ్‌లైన్ మీద వేయండి. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా చెదరదు. పేరు, ఊరు, తేదీ, ఎత్తు చాలు. "కావలి కుర్రాడు, 13,000 అడుగులు" అని ఒకసారి వేశాను, ఇప్పుడు కందుకూరువాళ్లు కూడా అలాగే అడుగుతున్నారు.

ఇవ్వడం

మూడు కాపీలు చేస్తాను. యూట్యూబ్‌కి 4కే. రీల్స్‌కి నిలువుది, 1080 బై 1920. దీనికి మణికట్టు కెమెరా మొహం షాట్లే వాడండి. బయట కెమెరా షాట్లు చేతులు చాచి అడ్డంగా ఉంటాయి కాబట్టి నిలువులో సగం మనిషే మిగులుతాడు. మూడోది టీవీకి. ఊళ్లో అమ్మానాన్న పెన్‌డ్రైవ్ పెట్టి చూసేది అదే, అసలు ముఖ్యమైనదీ అదే. హెచ్.264, 1080, 29.97, 16 నుంచి 20 ఎంబీపీఎస్. పాత టీవీలు హెచ్‌ఈవీసీ గుర్తుపట్టవు, 4కే 60 అయితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఫైల్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. తెలుగు పేరు కొన్ని టీవీల్లో డబ్బాలుగా కనిపిస్తుంది. ఎల్‌ఈడీ మానిటర్ మీద బాగున్న రంగు ఇంటి టీవీలో ఎలా ఉందో నా యూనిట్‌లో ఉన్న పాత టీవీకి పెట్టి చూసుకున్నాకే పంపుతాను.

రేటు నిమిషాల లెక్కన చెప్పొద్దు. నాలుగు నిమిషాల వీడియోకి అంతా అని బేరమాడతారు. పనికి ఇంత అని ముందే మాట్లాడుకుని, సగం అడ్వాన్స్ తీసుకుని, రెండుసార్లు మార్పులు ఉచితం, మూడోదానికి డబ్బులు అని చెప్పండి. రా ఫైళ్లు రెండు వేరే డిస్కుల్లో ఉంచుకోండి. ఎన్నాళ్లు ఉంచుతారో కూడా ముందే చెప్పేయాలి. నేను ఆరు నెలలని చెబుతాను. పెళ్లిళ్ల సీజన్ మొదలయితే డిస్కులు ఖాళీ చేసుకోక తప్పదు.